ఒకే ఫోనులో సంఘానికి రెండవ లైను

పాల సంఘం పనిలో ఫోనుకు ఎంత చోటున్నదో మన కార్యదర్శులకు వేరే చెప్పనక్కరలేదు. పాల వ్యాను ఆలస్యమైతే ఫోను. బిల్లు బ్యాంకులో జమ అయిందో లేదో తెలిసికోవడానికి ఫోను. సభ్యుని గేదె ఎదకు వస్తే గోపాలమిత్ర కొరకు ఫోను. ఇవన్నీ సాధారణంగా కార్యదర్శి సొంత నంబరుకే వస్తాయి. ఇంటి మాటలు, చుట్టాల మాటలు, సంఘం మాటలు అన్నీ ఆ ఒక్క లైనులోనే నడవాలి.

అందుచేత రెండవ లైను ఉంటే బాగుండునన్న ఆలోచన సహజమే. ఫోనులో ఒకే సిమ్‌కు చోటుంటే, బయటి నుండి ఒక చిన్న పరికరం తగిలించి రెండవ సిమ్ వాడుకోవచ్చునని అమ్మేవారు చెబుతారు. ఆ మాట నిజమే. కాని అటువంటి పరికరాలన్నీ ఒకే తీరున పనిచేయవు. ఏది ఎలా పనిచేస్తుందో, ఏది సంఘానికి పనికివస్తుందో, ఏది పనికిరాదో ఈ పాఠంలో తెలిసికొందాము.

రెండవ లైను ఎందుకు?

కారణాలు మూడు.

మొదటిది, కొన్ని ఫోన్లు ఆగేవి కావు. ఉదయం ఎద లక్షణాలు కనిపించిన పశువుకు ఆ సాయంత్రం, సాయంత్రం కనిపించినదానికి మరునాటి ఉదయం సూది వేయించాలన్నది మనందరం ఎరిగిన సూత్రమే. ఆ వేళ తప్పితే మళ్ళీ సుమారు 21 రోజులు ఆగాలి. ఆ మూడు వారాలూ మేత ఖర్చు ఆగదు, ఈత మాత్రం వెనక్కు పోతుంది. కార్యదర్శి ఇంటి మాటలలో ఉండగా సభ్యుని ఫోను కలవకపోతే నష్టపోయేది ఆ సభ్యుడే.

రెండవది, కార్యదర్శికి కూడా ఇల్లున్నది. ఏ ఫోను సంఘానిదో, ఏది ఇంటిదో మోగినప్పుడే తెలిస్తే ఆయనకూ, ఇంటివారికీ సుఖం.

మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది. కార్యదర్శులు మారుతారు, సంఘం ఉంటుంది. ఊరిలోని పాడి రైతులకు, శీతలీకరణ కేంద్రానికి, బ్యాంకుకు, పశువైద్యశాలకు తెలిసిన నంబరు కార్యదర్శి సొంతదైతే, ఆయన పదవి విడిచిన రోజున ఆ నంబరు కూడా ఆయనతోనే వెళ్ళిపోతుంది. బ్యాంకు పంపే రహస్య అంకెలు కూడా ఆయన జేబులోని ఫోనుకే పోతుంటాయి. మనిషి ఎంత మంచివాడైనా ఈ ఏర్పాటు మంచిది కాదు.

లైను అంటే ఏమిటి?

పరికరం కొనేముందు ఈ చిన్న విషయం తెలిసికోవాలి. ఒక లైను పనిచేయాలంటే మూడు కావాలి: టెలిఫోను కంపెనీ ఇచ్చే నంబరు, ఆ నంబరుకు గుర్తుగా ఉండే సిమ్, టవరుతో మాట్లాడే రేడియో భాగం. సిమ్‌ను తాళంచెవి అనుకుందాము, రేడియోను తలుపు అనుకుందాము. ఒక తలుపుకు రెండు తాళంచెవులు తెచ్చినంత మాత్రాన రెండు తలుపులు కావు. పరికరం అమ్మే మనిషిని మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: "ఇది రెండవ తాళంచెవికి చోటు చూపుతుందా, లేక రెండవ తలుపే తెస్తుందా?"

ముందు చేతిలోని ఫోనును పరీక్షించండి

పరికరం అవసరమే లేని ఫోన్లు మన దేశంలో ఎక్కువ. ఫోనులో *#06# నొక్కితే ఐఎమ్ఈఐ అనే 15 అంకెల సంఖ్య కనిపిస్తుంది. అది ఒకటే ఉంటే ఫోనుకు ఒకే లైను. రెండు ఉంటే ఆ ఫోను రెండు లైన్లకు తయారైనదే.

రెండు ఐఎమ్ఈఐలున్నా రెండవ సిమ్‌కు చోటు కనిపించకపోతే రెండు సంగతులు చూడాలి. కొన్ని ఫోన్లలో సిమ్ పెట్టే పళ్ళెంలో రెండవ గుంట సిమ్‌కు గాని, మెమరీ కార్డుకు గాని, ఏదో ఒకదానికే పనికివస్తుంది. అక్కడ మెమరీ కార్డు ఉంటే దానిని తీసివేస్తే చాలు. మరికొన్ని ఫోన్లలో రెండవది ఇ-సిమ్, అనగా ఫోనులోపలే అమర్చిన సిమ్. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ మొదలుకొని ఐఫోన్లలో ఈ సౌకర్యం వచ్చింది. అంతకు ముందరి ఐఫోన్లు ఒకే సిమ్‌వి. బయటి పరికరాల అవసరం ముఖ్యంగా అటువంటి ఫోన్లవారికే కలిగింది.

సాధారణ రెండు సిమ్ముల ఫోనుకు ఒక పరిమితి ఉన్నది. రెండు నంబర్లూ మేలుకొనే ఉంటాయి గాని, ఒక నంబరులో మాట్లాడుతుండగా రెండవ నంబరుకు ఫోను రాదు. పిలిచినవారికి అందుబాటులో లేరని వినిపిస్తుంది. కొన్ని కొత్త ఫోన్లు మాత్రమే ఇంటర్నెట్ సహాయంతో ఈ చిక్కును దాటగలవు.

పరికరాలు రెండు రకాలు

1. పట్టీ రకం: ఇది కాగితం వలె పలుచని పట్టీ. ఒక కొనను ఫోనులో సిమ్ స్థానంలో ఉంచి, రెండవ కొనను బయటికి తీసి ఫోను వెనుక అతికించి పైన కవరు వేస్తారు. రెండు సిమ్ములూ ఆ పట్టీలో కూర్చుంటాయి. కాని ఫోనులోని రేడియో ఒకటే, కావున ఒక సమయంలో ఒకే సిమ్ పనిచేస్తుంది. రెండవది కావాలంటే మెనూలోకి వెళ్ళి మార్చుకోవాలి. మార్చేవరకు రెండవ నంబరు నిద్రపోతున్నట్లే. ఇది రెండవ తాళంచెవి మాత్రమే, తలుపు కాదు. పైగా పట్టీ చిరిగినా, ముడుచుకొని లోపల చిక్కుకున్నా అసలు ఫోనే చెడవచ్చు. ఎప్పుడూ మేలుకొని ఉండవలసిన సంఘం లైనుకు ఇది పనికిరాదని మా అభిప్రాయం.

2. పెట్టె రకం: ఇది అగ్గిపెట్టె వంటి చిన్న పెట్టె. రెండవ సిమ్ ఇందులో ఉంటుంది. దీనికి సొంత రేడియో, సొంత బ్యాటరీ ఉంటాయి. ఇది ఫోనుతో బ్లూటూత్ ద్వారా మాట్లాడుతుంది. ఫోనులో ఒక యాప్ వేసికొంటే రెండవ నంబరు ఫోన్లు, సందేశాలు ఆ యాప్‌లో కనిపిస్తాయి. రెండు నంబర్లూ ఒకేసారి మేలుకొని ఉంటాయి. రెండవ తలుపు అంటే ఇదే.

పెట్టె కొనేముందు చూడవలసినవి

ఒకటి, నెట్‌వర్కు. చాలా పెట్టెలు 2జీకి తయారైనవి. 2016లో వచ్చిన జియో సంస్థకు 2జీ, 3జీ సేవలు లేవు, అందుచేత జియో సిమ్ అటువంటి పెట్టెలో పనిచేయదు. మన ఊరిలో ఏ కంపెనీ సిగ్నల్ బాగున్నదో, అది ఏ తరం సిగ్నలో చూచుకొని, మన సిమ్ వేసి మాట్లాడి చూచిన తర్వాతనే డబ్బు చెల్లించాలి.

రెండు, దూరం. బ్లూటూత్ సుమారు 10 మీటర్ల వరకు అందుతుంది. గోడ అడ్డమైతే ఇంకా తగ్గుతుంది. పెట్టెను పాల కేంద్రంలో బల్లమీద విడిచి కార్యదర్శి బజారుకు వెళితే, పిలిచినవారికి మోగుతున్నట్లే వినిపించవచ్చు, కాని ఆయన జేబులోని ఫోను మోగదు. ఈ లోపం బయటికి కనిపించదు. "ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు" అని సభ్యులు కోపగించుకోవడానికి ఇదే కారణం కావచ్చు.

మూడు, ఛార్జింగు. ఫోనుతో పాటు పెట్టెకు కూడా రోజూ కరెంటు పెట్టాలి. ఉదయం పాల వేళకు రెండూ నిండుగా ఉండాలి.

నాలుగు, గుర్తింపు. సొంత రేడియో ఉన్న పెట్టెకు సొంత ఐఎమ్ఈఐ ఉండాలి. పెట్టెమీద ఆ సంఖ్య ఉన్నదో లేదో చూడండి. కేంద్ర టెలికాం శాఖ 2023లో ప్రారంభించిన సంచార్ సాథీ వెబ్‌సైటులో ఆ సంఖ్య అసలైనదో కాదో పరీక్షించుకోవచ్చు. సంఖ్య లేనిది, తప్పు సంఖ్యది, బిల్లు లేనిది కొనరాదు.

ఐదు, యాప్. ఆ యాప్ మన పరిచయస్తుల జాబితాను, సందేశాలను చదవడానికి అనుమతి అడుగుతుంది. తయారుచేసినవారెవరో తెలియని యాప్ చేతిలో మన సందేశాలు పెడుతున్నామని మరవరాదు.

బ్యాంకు నంబరును పెట్టెలో పెట్టవద్దు

పై ఐదవ విషయం నుండి ముఖ్యమైన నియమం ఒకటి వస్తుంది. సంఘం బ్యాంకు ఖాతాకు జతచేసిన నంబరును ఇటువంటి పెట్టెలో ఉంచరాదు. బ్యాంకు పంపే రహస్య అంకెలు ఆ యాప్ ద్వారానే కనిపిస్తాయి. అందులో ఉండేది ఒకరి సొమ్ము కాదు, పదిహేను రోజులు తెల్లవారుజామున లేచి పాలు పితికిన ఇంటింటి సొమ్ము. పిలుపుల కొరకు పెట్టెను వాడవచ్చు, సొమ్ముకు వాడరాదు.

మరొక హెచ్చరిక. పదుల కొద్దీ సిమ్ములు పట్టే పెద్ద పెట్టెలు కొన్ని ఉన్నాయి. విదేశాల నుండి వచ్చే ఫోన్లను స్థానిక ఫోన్లుగా మార్చి మోసాలు చేయడానికి కొందరు వీటిని దొంగతనంగా వాడుతున్నారు. "మీ సంఘం గదిలో ఈ పెట్టె ఉంచండి, నెలకు అద్దె ఇస్తాము" అని ఎవరైనా వస్తే అంగీకరించక పోలీసులకు తెలియజేయాలి.

తక్కువ ఖర్చుతో మరొక మార్గం

ఇంత విచారించిన తర్వాత సంఘాలకు మేము సూచించే మార్గం చాలా సాదా అయినది. మీటలున్న మామూలు ఫోను ఒకటి కొని, అందులో సంఘం సిమ్ వేసి, పాల కేంద్రంలోనే ఉంచండి. ఒక ఛార్జింగుతో చాలా రోజులు వస్తుంది. పాల వేళలో కేంద్రంలో ఉన్నవారే ఎత్తుతారు. కేంద్రం మూసే ముందు ఆ ఫోను సెట్టింగులలోని కాల్ ఫార్వార్డింగ్ ద్వారా పిలుపులను కార్యదర్శి స్మార్ట్‌ఫోనుకు మళ్ళించవచ్చు. అప్పుడు కార్యదర్శి చేతిలో పరికరం ఏదీ లేకుండానే రెండవ లైను ఉన్నట్లవుతుంది. ఆయన ఫోనులో కాల్ వెయిటింగ్ పెట్టుకుంటే, మాట్లాడుతున్నప్పుడు కూడా మరొక పిలుపు వచ్చినట్లు తెలుస్తుంది.

దీనిలో మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. మళ్ళిన పిలుపు సంఘం నంబరు నుండి చేసిన ఫోనుగా లెక్కకు వస్తుంది, కావున ఆ నంబరుకు తగిన ప్యాక్ ఉండాలి. మళ్ళి వచ్చిన పిలుపు ఏ నంబరుకు వచ్చినదో తెరమీద తెలియకపోవచ్చు, అందుచేత "పాల సంఘం" అని పలికి ఎత్తడం అలవాటు చేసికోవాలి. ఇక సందేశాలు మళ్ళవు, అవి సంఘం ఫోనులోనే ఉండిపోతాయి. బ్యాంకు అంకెల విషయంలో ఇది లోపం కాదు, రక్షణ.

అపరిచితులు ఫోను చేసి ఫలానా అంకెలు నొక్కమంటే నొక్కవద్దు. *401# తో మొదలయ్యే అంకెలు నొక్కించి పిలుపులను తమ నంబరుకు మళ్ళించుకొనే మోసాలు ఎక్కువైనందున టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుండి ఆ పద్ధతిని నిలిపివేయించింది. ఫార్వార్డింగ్ కుదరకపోతే కంపెనీ సేవా కేంద్రంలోనే అడగాలి.

నంబరు సంఘానిదే కావాలి

పరికరం ఏదైనా కావచ్చు, నంబరు ఎవరి పేరున ఉన్నదన్నదే అసలు ప్రశ్న. పాలకవర్గం ఈ క్రింది పనులు చేయాలి.

1. సంఘం పేరున సిమ్ తీసికోవాలని తీర్మానించి మినిట్స్ పుస్తకంలో వ్రాయాలి. సంస్థల పేరున ఇచ్చే సిమ్ములకు, వాడే మనిషి గుర్తింపును కూడా కంపెనీ తీసికోవాలని 2023లో నియమం వచ్చింది. కార్యదర్శి మారితే ఆ వివరాలు కూడా మార్పించాలి.

2. సిమ్‌తో పాటు వచ్చే కార్డును బీరువాలో భద్రపరచాలి. దానిమీది 8 అంకెల పుక్ సంఖ్య, సిమ్ తాళం పడినప్పుడు అవసరమవుతుంది. దానిని పదిసార్లు తప్పుగా నొక్కితే ఆ సిమ్ ఇక పనికిరాదు.

3. రీఛార్జి సంఘం ఖర్చుగా క్యాష్ పుస్తకంలో వ్రాయాలి. ఇంటర్నెట్ లేని, మాటలకు, సందేశాలకు మాత్రమే పనికివచ్చే ప్యాక్‌లు ఉంచాలని ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది. మామూలు ఫోనుకు అది చాలు. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే నంబరు రద్దయ్యే ప్రమాదమున్నది.

4. పదవి అప్పగించేటప్పుడు తాళాలు, పుస్తకాలు, లాక్టోమీటరు, సంఘం ముద్రతో పాటు సిమ్, ఫోను, పుక్ కార్డు కూడా జాబితాలో చేర్చి సంతకాలు తీసికోవాలి.

5. ఆ నంబరును పాల కేంద్రం గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాయించాలి.

వచ్చే సమావేశంలో చర్చించవలసినవి

మన సంఘం నంబరు నేడు ఎవరి పేరున ఉన్నది? బ్యాంకు సందేశాలు ఎవరి ఫోనుకు వస్తున్నాయి? రేపు కార్యదర్శి మారితే సభ్యులు ఏ నంబరుకు ఫోను చేస్తారు?

ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన తర్వాత పట్టీ కొనాలా, పెట్టె కొనాలా, మామూలు ఫోను కొనాలా అన్నది నిర్ణయించడం తేలిక. మనం అడిగేది ఎక్కువేమీ కాదు. ఎద కనిపించిన ఉదయాన సభ్యుడు ఫోను చేస్తే అది మోగాలి, దానిని ఎత్తే మనిషి ఉండాలి.