రక్తపు చుక్క - ట్రాన్సిస్టరు

చలిజ్వరం వస్తే ఆశా అక్క మన వేలు గుచ్చి, చుక్క రక్తం పట్టీ మీద వేస్తుంది కదా. ఆ పట్టీ వెతికేది మలేరియా క్రిమి తాలూకు పదార్థాన్ని. అలాంటి దాన్ని యాంటీజెన్ అంటారు. దానితో పోరాడ్డానికి మన ఒంట్లో తయారయ్యేది యాంటీబాడీ. తాళానికి దాని చెవే పట్టినట్టు ఇవి రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

ఆ సంగతి కరెంటుతో కూడా తెలుసుకోవచ్చు. మా తాత రేడియోనే ట్రాన్సిస్టరు అంటాడు. నిజానికి అది రేడియో లోపలి చిన్న భాగం. 1947లో అమెరికాలో కనిపెట్టారు. కొన్ని ట్రాన్సిస్టర్లలో గేటు ఉంటుంది. మడవ దగ్గర నీళ్ళు ఆపినట్టు, వదిలినట్టు, గేటు మీది విద్యుదావేశం కరెంటును తగ్గిస్తుంది, పెంచుతుంది.

1970లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త పీట్ బెర్గ్‌వెల్డ్ గేటు లోహం తీసేసి, అక్కడ ద్రవం తగిలేలా చేశారు. ఆ చోట యాంటీబాడీలు అంటిస్తే, యాంటీజెన్ వచ్చి అతుక్కుంటుంది. దాని ఆవేశం వల్ల కరెంటు మారుతుంది. యాంటీబాడీని వెతకాలంటే యాంటీజెన్ అంటించాలి. 2020లో దక్షిణ కొరియాలో కరోనా వైరస్‌ను ఇలాగే గుర్తించారు.

చిక్కల్లా రక్తంలోని ఉప్పుతోనే. ఉప్పు అయాన్లు ఆవేశాన్ని కప్పేస్తాయి. సుమారు 1 నానోమీటరు దాటితే గేటుకు సరిగా తెలీదు. యాంటీబాడీయేమో దాదాపు 10 నానోమీటర్లుంటుంది! అందుకే ఈ పరికరాలు ఇంకా ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉన్నాయి.

ఈ చిక్కు మనలో ఒకరు విప్పకూడదా? అంతదాకా జ్వరం దాచుకోకండి. ఆలస్యమైతే మలేరియా ప్రాణం తీస్తుంది. ఆ రోజే పట్టీ పరీక్ష చేయించుకోండి.