ఉభయకావేరుల నడుమ శ్రీరంగము

దక్షిణదేశయాత్రకు బయలుదేరు ఆంధ్ర కుటుంబములు సాధారణముగా తిరుచిరాపల్లిలో ఒక్క దినము మాత్రమే గడుపుదురు. ఉదయము శ్రీరంగము, మధ్యాహ్నము జంబుకేశ్వరము, సాయంకాలము కొండకోట, రాత్రికి మధుర దారి. కాలము, ధనము పరిమితముగా గల గృహస్థులను ఇందుకు తప్పుపట్టరాదు. కాని క్షేత్రమును గూర్చి ముందుగా కొంత తెలిసికొని పోయినచో ఆ ఒక్క దినమే పదిదినముల ఫలమునిచ్చును. ఏమియు తెలియక పోయిన వారికి ఎత్తైన గోపురము, పొడవైన వరుస, వేడి రాతిబండలు, ఇవియే జ్ఞాపకముండును.

మొదట నదిని చూడవలెను. నగరమునకు పడమటి దిక్కున ముక్కొంబు అను చోట కావేరి రెండు పాయలగును. దక్షిణపు పాయకు కావేరి యనియే పేరు. ఉత్తరపు పాయను కొళ్ళిడము అందురు. ఈ రెంటి నడుమ ఏర్పడిన దీవియే శ్రీరంగము. పెద్దలు ఉభయకావేరీమధ్యమని సంకల్పములో చెప్పునది దీనినే. దీవికి తూర్పుకొన దాపున కరికాల చోళుడు కట్టించెనని ప్రసిద్ధిగాంచిన కల్లణై ఆనకట్ట కలదు.

కొళ్ళిడపు గర్భము పల్లము, వాలు ఎక్కువ. కావేరిపాయ ఇసుక మేటలువేసి మెరక యగుచుండెను. అందుచేత పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమునాటికి నీరంతయు కొళ్ళిడములోనికి జారిపోవుచు, తంజావూరు సీమ మాగాణులకు నీరు కరవగు స్థితి వచ్చెను. అప్పుడు ఆర్థర్ కాటన్ 1836వ సంవత్సరమున ముక్కొంబు కడ కొళ్ళిడము తలపై ఆనకట్ట ప్రారంభించి ఆ జలమును కావేరికి మరలించెను. పిమ్మట ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర ఈయనయే. గోదావరి మండలపు యాత్రికుడు ముక్కొంబులో నిలిచి నీటిని చూచునపుడు తన ఇంటి పొలమునకు పారు నీటికి ఇచ్చటనే పాఠము జరిగెనని తెలిసికొనవచ్చును. ఆ పాత కట్టడములో కొంతభాగము 2018 ఆగస్టు వరదలలో కూలిపోగా, దాని చేరువనే క్రొత్త బ్యారేజి నిర్మింపబడినది.

వేసవిలో వచ్చువారికి అమ్మమంటపము రేవున నీటికంటె ఇసుకయే హెచ్చుగా కానవచ్చును. మేట్టూరు జలాశయము నుండి నీరు వదలిన పిదప, తమిళుల ఆడిమాసమున, నది నిండి పారును. ఆ నెల పదునెనిమిదవ దినమున స్త్రీలు వందలకొలది రేవునకు వచ్చి పసుపు, కుంకుమ, పూలు, నల్లపూసలు కావేరికి సమర్పింతురు. అదే మాసమున శ్రీరంగనాథుని ఉత్సవమూర్తియు అమ్మమంటపమునకు వేంచేసి నదీమతల్లికి సారె పంపును. తులామాసమున స్వామి తిరుమంజనమునకు బంగారుబిందెతో ఏనుగుపై తీర్థము తెచ్చుటయు ఈ కావేరి నుండియే. నదిని చూడక కోవెలను మాత్రమే చూచినవారు పుట్టినింటిని చూడక పెండ్లికూతురిని చూచినవారివంటివారు.

నగరము నడుమ గల కొండను ఉదయమే ఎక్కుట మేలు. మెట్లు నాలుగువందలకు పైగా కలవు. ఎండ ముదిరిన తరువాత వృద్ధులకు కష్టము. త్రోవలో పల్లవరాజగు మొదటి మహేంద్రవర్మ ఏడవ శతాబ్ది తొలిపాదమున తొలిపించిన గుహాలయమున్నది. అందలి గంగాధరమూర్తి శిల్పము మిక్కిలి రమ్యమైనది. ఆ చెంతనున్న శాసనములో రాజు ఒక చమత్కారము చేసెను: నదులయందు ప్రీతిగల శివుడు కావేరిని చూచి మోహించునేమోయని శంకించి పార్వతి పుట్టినింటిని విడిచి ఈ కొండపైననే నిలిచినదట! వైష్ణవ గృహస్థుడైనను ఈ భావమునకు నవ్వుకొనక మానడు. కొండకొనయందు ఉచ్చిపిళ్ళైయారు, అనగా శిఖర వినాయకుడు, వెలసియున్నాడు.

విభీషణుని కథ ఇచ్చటనే వినదగినది. ఇక్ష్వాకుల కులధనమగు శ్రీరంగవిమానమును పట్టాభిషేకానంతరము శ్రీరాముడు విభీషణునకు ప్రసాదించెను. నేలపై దింపరాదను నియమముతో అతడు దానిని లంకకు తీసికొనిపోవుచు కావేరీతీరమున సంధ్య వార్చుటకై ఒక పసులకాపరి బాలుని చేతికిచ్చెను. ఆ బాలుడు వినాయకుడే. విమానము నేలకు దిగినది, మరల కదలలేదు. విభీషణుడు కోపించి బాలుని తరిమి కొండపై నొసట మొత్తెననియు, ఆ గుర్తు మూర్తియందు నేటికిని కలదనియు చెప్పుదురు. దుఃఖించిన విభీషణునకు స్వామి దక్షిణముఖముగా, లంకవైపు చూచుచు శయనించెదనని వరమిచ్చెను. శిఖరము నుండి ఉత్తరముగా చూచినచో నది, దాని ఆవల కొబ్బరితోపులు, తోపులపై గోపురములు కనబడును. ఆ దృశ్యమును ముందు చూచి పిమ్మట వంతెన దాటి పోయినవానికి ఏడు ప్రాకారముల అమరిక తేటపడును.

శ్రీరంగాలయము నూటయేబదియారు ఎకరముల విస్తీర్ణముగలది, గోపురములు ఇరువదియొకటి. వెలుపలి ప్రాకారములలో ఇండ్లు, అంగళ్ళు, మఠములు, పూలదుకాణములు నిండియున్నవి. ఊరిలో గుడి యుండుట ఎల్లెడల చూతుము. గుడిలో ఊరుండుట ఇచ్చటి విశేషము. దక్షిణపు రాజగోపురము విజయనగరపు అచ్యుతదేవరాయల కాలమున మొదలై, అడుగుభాగముతోనే ఆగిపోయి, నాలుగువందల యేండ్లకు పైగా మొండిగా నిలిచియుండెను. అహోబిలమఠము నలుబదినాలుగవ జీయరుస్వామివారు వృద్ధాప్యమున పూనుకొని దానిని పూర్తిచేయించిరి. 236 అడుగుల ఎత్తు, పదమూడు అంతస్తులు గల ఆ గోపురమునకు 1987 మార్చి 25వ తేదీన కుంభాభిషేకము జరిగినది. అహోబిలము తెలుగునాటి క్షేత్రమగుట పాఠకులకు తెలిసినదే.

లోపల శేషరాయమంటపపు రాతిగుఱ్ఱములను చూచుటకు విదేశీయులును వత్తురు. ముందుకాళ్ళెత్తి లేచిన గుఱ్ఱములు, వానిపై రౌతులు, క్రింద బెబ్బులులు, అన్నియు ఒకే రాతియందు మలచబడినవి. వేయికాళ్ళ మంటపమున వైకుంఠ ఏకాదశి ఉత్సవపు రాపత్తు దినములలో స్వామి కొలువుండును. తాయారు సన్నిధి కడ, కంబకవి తన రామాయణమును వినిపించెనని చెప్పు మంటపము కలదు. అరబిందెడు సేపు చాలదు. ఒక్కొక్కచోట కూర్చుండి చూడవలెను.

మూలమూర్తి పెరియపెరుమాళ్ సుధామయమూర్తి. కావున నీటితో తిరుమంజనము లేదు, తైలకాపు మాత్రమే. సన్నిధిలో దీపపు వెలుగున శిరస్సు నుండి పాదముల వరకు చూచుటకు క్షణకాలము మాత్రమే లభించును. కనుక పడమట శిరస్సు, తూర్పున పాదములు అని ముందే తెలిసికొని పోవుట మంచిది. పన్నిద్దరాళ్వారులలో మధురకవి తప్ప తక్కిన పదునొకండుగురును ఈ మూర్తిని పాడిరి.

ఇంత వైభవమునకు వెనుక ఒక గొప్ప ఆపద కలదు. అది తెలియనిచో శ్రీరంగము తెలిసినట్లు కాదు. 1323వ సంవత్సరమున ఢిల్లీ సైన్యములు శ్రీరంగముపై పడినవి. ఓరుగల్లు కోట కూలినదియు ఆ యేటనే. అప్పుడు పిళ్ళైలోకాచార్యులు మిక్కిలి వృద్ధులు. మూలమూర్తి సన్నిధికి అడ్డుగా రాతిగోడ కట్టించి, ఉత్సవమూర్తిని పల్లకిలో నుంచుకొని కొలదిమందితో దక్షిణమునకు తరలిపోయిరి. మధుర చెంత జ్యోతిష్కుడియను పల్లెలో వారు పరమపదించిరి. వేదాంతదేశికులు శవముల నడుమ దాగి శ్రుతప్రకాశికా గ్రంథమును, గ్రంథకర్త యగు సుదర్శనసూరి కుమారులిద్దరిని కాపాడి, కావేరికి ఎగువన సత్యాకాలమునకు చేరిరని గురుపరంపర చెప్పుచున్నది. తూర్పున తెల్లని గోపురము కలదు. వెళ్ళాయియను దేవదాసి శత్రుసేనానిని ఆ గోపురముపైకి కొనిపోయి త్రోసి, తానును దూకి ప్రాణము విడిచెనని స్థలగాథ. యాత్రికులలో పలువురు ఆ గోపురము క్రిందుగా పోవుదురు గాని ఆమె పేరు తలచువారు తక్కువ.

స్వామి ఊరూర తిరిగి, మలయాళదేశము, కర్ణాటదేశము గడచి, తిరుమల చేరెను. అచ్చట పెక్కేండ్లు అర్చనలందుకొనెను. విజయనగర రాజకుమారుడగు కుమారకంపన మధుర సుల్తానులను జయించిన పిదప, ఆయన అధికారి గోపణార్యుడు స్వామిని తిరుమల నుండి సెంజికి తెచ్చి, శక 1293లో, అనగా 1371వ సంవత్సరమున, శ్రీరంగమున పునఃప్రతిష్ఠ చేయించెను. ఈ విషయమును చెప్పు సంస్కృత శ్లోకములు ఆలయపు గోడపై చెక్కబడియున్నవి. పుట్టినింటిని విడిచిన నలుబదియెనిమిదేండ్లకు స్వామి తిరిగివచ్చెను.

వచ్చినపుడు ఒక చిక్కు కలిగినది. స్వామి లేని కాలమున అర్చన ఆగకుండుటకై వేరొక ఉత్సవమూర్తిని ప్రతిష్ఠించియుండిరి. పల్లకిలో వచ్చిన మూర్తియే పూర్వపు మూర్తియని రూఢిగా చెప్పగలవారెవరు? నాడు చూచిన వారిలో పెక్కురు గతించిరి. బ్రదికియున్న వారిలో ఒక ముదుసలి చాకలి దొరకెను. అతనికి చూపు లేదు. పూర్వము స్వామి తడివస్త్రములను ఉతుకుచు, పిండిన నీటిని తీర్థముగా పుచ్చుకొనుట అతని నియమము. రెండు మూర్తులకును తిరుమంజనము చేసి ఆ తడివస్త్రముల నీటిని అతనికిచ్చిరి. ఒకదానిని పుచ్చుకొని, కస్తూరి పరిమళమును గుర్తించి, ఈయనయే మన పెరుమాళ్ళని అతడు కేకవేసెను. నంపెరుమాళ్ అనగా అర్థము అదియే. ఆ పేరు నాటి నుండి స్థిరపడినదని ఆలయచరిత్రయగు కోయిలొళుగు చెప్పుచున్నది. రెండవ మూర్తిని త్రోసిపుచ్చలేదు. తిరువరంగమాళిగైయార్ అను పేర ఆ మూర్తియు నేటికిని సన్నిధిలో ఉన్నది.

ఇట్టి సందర్భములో పండితసభ కూడి శాస్త్రప్రమాణములు వెదకుట సహజము. కాని ఇచ్చట సాక్ష్యము చెప్పినవాడు చాకలి. ప్రమాణము అతని నాలుక, నాసిక. శ్రీరంగపు సంప్రదాయము ఈ వృత్తాంతమును దాచక తన చరిత్రలో వ్రాసికొన్నది. తిరుప్పాణాళ్వారుల కథయు ఈ కోవలోనిదే. వీణ మీటుచు కావేరి ఒడ్డున నిలిచి పాడుచున్న పాణరును అర్చకుడగు లోకసారంగముని తొలగిపొమ్మని రాతితో కొట్టెను. స్వామి ఆజ్ఞచే ఆ మునియే ఆయనను భుజములపై మోసికొని సన్నిధికి తేవలసివచ్చెను. ఆళ్వారు పుట్టినది నది దక్షిణపుటొడ్డున గల ఉరైయూరిలో. అది చోళుల ప్రాచీన రాజధాని. నేడు నగరములో ఒక పేట. అందు కమలవల్లి తాయారు సన్నిధి కలదు. ఫాల్గునమున నంపెరుమాళ్ నది దాటి అచ్చటికి వేంచేయును. దక్షిణయాత్రలో దీనిని విడిచిపెట్టువారు హెచ్చు, అట్లు చేయరాదు. ఆటోలో పోయి వచ్చుటకు పెద్ద ప్రయాస లేదు.

ఉడయవర్ల సన్నిధిని అందరును చూతురు. భగవద్రామానుజులు 1137లో పరమపదించగా వారి తిరుమేనినే ఇచ్చట ఉంచిరని సంప్రదాయము. ఏటేట రెండుమార్లు పచ్చకర్పూరము, కుంకుమపువ్వు కలిపిన లేపము పూయుదురు. ఇచ్చట తొందరపడక నిలిచి, కూర్చున్న ఆ మూర్తి కన్నులను చూడవలెను.

తెలుగువారికి శ్రీరంగము పరాయి ఊరు కాదు. ఆముక్తమాల్యదలో గోదాదేవి చేరినది ఈ స్వామినే. సారంగు తమ్మయ కావ్యమునకు నాయకుడగు విప్రనారాయణుడు తులసితోట పెంచినది ఈ నేలమీదనే. తిరుచిరాపల్లి నుండి ఏలిన మధుర నాయకరాజులు తెలుగువారు. వారిలో విజయరంగ చొక్కనాథుడు శ్రీరంగమాహాత్మ్యమును తెలుగు వచనమున వ్రాసెను. ఆ రాజకుటుంబపు ప్రతిమలను ఆలయమున నేటికిని చూడవచ్చును. త్యాగరాజస్వామి పంచరత్నకృతులతో రంగని సేవించినదియు తెలుగుననే.

తిరుమలకు పోవువారు ఆలయములో ధ్వజస్తంభము చేరువనున్న రంగనాయకమంటపమును చూచియేయుందురు. వలసవచ్చిన రంగనాథుడు కొలువుండిన చోటు అదియని చెప్పుదురు. ఆణివర ఆస్థానమునాడు శ్రీరంగము నుండి తిరుమలకు పట్టువస్త్రములు వచ్చును. కైశిక ఏకాదశి సమయమున తిరుమల నుండి శ్రీరంగమునకు వస్త్రములు పోవును.