కొత్త ఇంజను – తగ్గిన మైలేజీ

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పళ్లెంలా పరచుకొన్న కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు నీటిని తెచ్చి పోస్తాయి. చేరిన నీరు సముద్రానికి పోవటానికి ఉన్న సహజమైన దారి ఉప్పుటేరు ఒక్కటే. వచ్చే దారులు పెక్కు, పోయే దారి ఒకటి కావటంచేత వానకాలంలో ఈ సీమ మునగటం కొత్త కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తింది. ఆ నీరే దిగువకు నడిచి కొల్లేటి లోతట్టు గ్రామాలనూ, రహదారులనూ చుట్టుముట్టింది. ఇటువంటి వరద తీసినప్పుడు ఇల్లు కడుక్కోవచ్చు, తడిసిన ధాన్యాన్ని ఆరబోసుకోవచ్చు. నీటిలో నిలిచిన కారు సంగతి మాత్రం అంత తొందరగా తేలదు.

గాలిని నొక్కితే ముడుచుకొంటుంది. నీరు ముడుచుకోదు. ఈ చిన్న భేదమే ఇంజను ప్రాణం తీస్తుంది. మునిగిన కారును తెలియక స్టార్టు చేసినా, మోకాటిలోతు నీటిలో కారును వేగంగా నడిపినా, గాలి పీల్చే గొట్టం గుండా నీరు సిలిండరులోకి చేరుతుంది. పైకి వచ్చే పిస్టను ఆ నీటిని నొక్కలేదు, ఆగిపోనూ లేదు. రెంటి మధ్య చిక్కిన కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది, ఒక్కొక్కప్పుడు విరిగి ఇంజను గోడను చీల్చుకొని బయటపడుతుంది. అప్పుడు మరమ్మతు కంటె మార్పే నయమని తోస్తుంది. కొత్త ఇంజనుకు డబ్బు చాలని వారు విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వాడిన ఇంజను వెదకి తెచ్చి బిగింపజేసుకొంటారు.

అసలు చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. కైకలూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం మధ్య కారును బాడుగకు నడుపుకొనే ఒక డ్రైవరు ఉన్నాడనుకుందాం. ఇంజను మార్చక ముందు లీటరు డీజిలుకు 20 కిలోమీటర్లు వచ్చేది. మార్చిన పిదప 15 వస్తున్నది. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే బండికి మునుపు 150 లీటర్లు చాలితే, ఇప్పుడు 200 కావాలి. లీటరు నూరు రూపాయలుగా లెక్కవేసినా నెలకు ఐదు వేలు పొగగొట్టంలో పోతున్నవన్నమాట. ఇంజను కోసం చేసిన అప్పుకు వాయిదా కట్టవలసిన సొమ్ము అది.

“మీరు పెట్టిన ఇంజనే మంచిది కాదండీ” అంటాడు డ్రైవరు. “కొత్తగా కూర్చిన ఇంజను కదా, రెండు వేల కిలోమీటర్లు తిరగనివ్వండి, అదే సర్దుకొంటుంది” అంటాడు మెకానిక్కు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? చాలా సందర్భాలలో ఇద్దరిదీ కాదు. మైలేజీ అనేది ఇంజను ఒక్కదాని గుణం కాదు. ఇంజను, దానికి ఇంధనం కొలిచిపోసే ఏర్పాటు, దాని శక్తిని మోసుకుపోయే చక్రాలు, ఈ మూడింటి పొత్తు వలన వచ్చే ఫలం అది. ఇంజను మార్చినప్పుడు చెడేది తరచుగా ఆ పొత్తే.

మాటల పుట్టుక తెలిస్తే విషయం కొంత తేటపడుతుంది. ఇంధన శబ్దానికి మూలమైన ధాతువుకు వెలిగించటమని అర్థం. అమరకోశం దీనిని సమిధల పర్యాయపదాల సరసన చేర్చింది. యంత్ర శబ్దంలో ఉన్నదేమో కట్టివేయటం, అదుపు చేయటం అనే భావం. ఇంధనం మండుతుంది, యంత్రం ఆ మంటను అదుపు చేస్తుంది. అదుపు తప్పిన మంట వేడిగానూ, పొగగానూ పోతుందే తప్ప చక్రాన్ని తిప్పదు. సంస్కృత నిఘంటుకారులు డీజిలు కారును చూడలేదు గాని, ఈ రెండు మాటలు దానికి అమరినట్లు మరి దేనికీ అమరవేమో!

జర్మనీ దేశీయుడైన రుడాల్ఫ్ డీజిల్ 1890ల తొలినాళ్లలో ఈ యంత్రాన్ని ఊహించి, 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో నడిపి చూపాడు. ఇంధనంలోని వేడిలో నూటికి సుమారు 26 పాళ్లు అది పనిగా మార్చింది. ఆనాటి ఆవిరియంత్రాలకు అందులో సగం కూడా సాధ్యమయ్యేది కాదు. ఈనాటి కారులోని డీజిలు ఇంజను మేలైన స్థితిలో దాదాపు 40 పాళ్లు వరకు అందుకొంటుంది. తాడేపల్లిగూడెంలో 2015లో ఏర్పడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వంటి చోట మీలో కొందరు రేపు యాంత్రికశాస్త్రం చదవవచ్చు. అక్కడ దీనిని ఉష్ణదక్షత అనే పేరుతో నేర్చుకొంటారు.

పెట్రోలు ఇంజనులో వలె డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని పిస్టను సుమారు పదహారు మొదలు ఇరవై రెట్ల వరకు నొక్కుతుంది. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీలకు మించి కాగుతుంది. సరిగా ఆ క్షణంలో డీజిలును సన్నని తుంపరగా చిమ్మితే తనంత తానే అంటుకొంటుంది. కనుక గాలి చాలినంత ఉండాలి, అది కారిపోకుండా నొక్కబడాలి, డీజిలు సమయానికి, తగిన కొలతలో, తగినంత సన్నగా పడాలి. వీటిలో ఏది తప్పినా లీటరుకు వచ్చే కిలోమీటర్లు తగ్గుతాయి.

మెకానిక్కు మాటలో కొంత నిజం లేకపోలేదు. కొత్త పిస్టన్ రింగులు సిలిండరు గోడతో ఒరుసుకొని ఒదిగేవరకు రాపిడి ఎక్కువగా ఉంటుంది, నొక్కిన గాలి కొంత జారిపోతుంది. అందుకే మొదటి వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లు అధిక భారం వేయకుండా, ఒకే వేగాన గంటల తరబడి పోకుండా నడపమంటారు. అయితే ఈ నష్టం స్వల్పం. ఇరవై రావలసిన చోట పంతొమ్మిది వస్తే ఓపిక పట్టవచ్చు. పదిహేనే వస్తుంటే ఓపిక పట్టటం డీజిలు పారబోసుకోవటమే. పైగా ఆటోనగర్ నుంచి తెచ్చినది అప్పటికే లక్ష కిలోమీటర్లు తిరిగిన ఇంజనైతే, కొత్త రింగులు వేయనినాడు, అందులో ఒదగటానికి మిగిలినదేమున్నది?

తరువాత చూడవలసినది సమయం. ఇంజను నిమిషానికి 2,000 సార్లు తిరుగుతున్నప్పుడు దాని ఇరుసు ఒక డిగ్రీ కదలటానికి పట్టేది సెకనులో పన్నెండువేలవ వంతు. పాతతరపు కార్లలో డీజిలు పంపును చేతితో గుర్తులు కలిపి బిగించేవారు. ఆ బిగింపు నాలుగైదు డిగ్రీలు వెనుకబడితే పిస్టను కిందికి జారిపోతుండగా మంట రాజుకొంటుంది. తలుపు మూసుకొన్న తరువాత తోసినట్లు ఆ బలం చాలా భాగం వ్యర్థం. కారు నడుస్తుంది, పొగ వదులుతుంది, తాగుతుంది.

ఇటీవలి కార్లలో ఈ పని కంప్యూటరు పెట్టె చేస్తుంది. ఒక ఉమ్మడి గొట్టంలో డీజిలు వాతావరణ పీడనానికి 1,600 రెట్లు, కొన్నింటిలో అంతకు మించిన ఒత్తిడితో సిద్ధంగా ఉంటుంది. ఇంజెక్టరు తలవెంట్రుకను పోలిన రంధ్రాల గుండా దానిని చిమ్ముతుంది. అంత సూక్ష్మమైన పనిముట్లు ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఆ తేడాను కొలిచి, తయారీదారులు పెక్కు ఇంజెక్టర్ల మీద అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక సంకేతాన్ని చెక్కుతారు. దానిని స్కానరుతో కంప్యూటరుకు తెలియజేయాలి. ఇంజనుతో పాటు వేరే ఇంజెక్టర్లు వచ్చి, కంప్యూటరులో పాతవాటి సంకేతాలే మిగిలితే, అది లేనివారి కొలతలకు బట్టలు కుట్టే దర్జీ వంటిది. ఒక సిలిండరుకు ఎక్కువ, మరొకదానికి తక్కువ పోస్తూనే ఉంటుంది. సగం రోజు పట్టే బిగింపును శ్రద్ధగా చేసి, పది నిమిషాల ఈ పనిని విడిచిపెట్టే షెడ్లు తక్కువేమీ కావు.

ఒకే పేరు గల ఇంజన్లన్నీ ఒకటే అనుకోవటం మరొక పొరపాటు. ఫియట్ సంస్థ రూపొందించిన 1,248 సీసీ డీజిలు ఇంజను మన దేశంలో మారుతి స్విఫ్ట్‌లోనూ, టాటా వారి కొన్ని కార్లలోనూ, ఫియట్ పుంటోలోనూ కూడా ఉండేది. పలు కంపెనీల కార్లను నడిపింది కనుక దీనికి ‘జాతీయ ఇంజను’ అనే ముద్దుపేరు కూడా వచ్చింది. కాని అందులో సుమారు 75 గుర్రాల బలం గలది ఒకటి, 90 గుర్రాల బలం గలది మరొకటి. వాటి టర్బోలు వేరు, వాటిని నడిపే లెక్కలు వేరు. ఒకదాని ఇంజనుకు మరొకదాని కంప్యూటరు తగిలిస్తే, బిగింపు కుదిరినా కాపురం కుదరదు.

ఇది నేటి సమస్య మాత్రమే కాదు. అంబాసిడర్ల కాలంలో పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను బిగించుకొన్న టాక్సీలు ఎన్నో ఉండేవి. డీజిలు ఇంజను నిదానంగా తిరుగుతూ బలాన్నిస్తుంది. పెట్రోలు ఇంజను కోసం అమర్చిన వెనుక ఇరుసు పళ్లచక్రాలు దానిని అవసరానికి మించి తిప్పేవి. ఇంజను అరుపే తప్ప వేగం పెరిగేది కాదు. పెట్రోలు ఖర్చుతో పోల్చుకొని సంతోషించారు గనుక ఆ నష్టాన్ని ఎక్కువమంది గమనించలేదు.

కోస్తాలో మరొక అలవాటున్నది. మన ఎండలకు ఇంజను కాగిపోతుందని భయపడి, ఇంజను మార్చేటప్పుడు థర్మోస్టాట్‌ను పీకి పారవేస్తారు. చల్లని నీటిని ఆపి, ఇంజను 80, 90 డిగ్రీల మధ్యకు చేరిన తరువాతనే రేడియేటరుకు వదిలే కవాటం అది. దానిని తీసివేస్తే ఇంజను ఎంతకూ కాగదు. నూనె చిక్కగానే ఉంటుంది. ఇంజను ఇంకా చల్లగా ఉన్నదని తలచి కంప్యూటరు అదనంగా డీజిలు పోస్తుంది. ఎండకు జడిసి చేసే ఈ పని వలన తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు దాకా వెళ్లి వచ్చే చిన్న ప్రయాణాలలో నష్టం మరీ ఎక్కువ.

ఇక ఇంజనుతో సంబంధం లేని కారణాలు. కొల్లేటి కారు విషయంలో వీటినే ముందు శంకించాలని నా అభిప్రాయం. ఇంజనును చంపిన వరద చక్రాలను విడిచిపెట్టిందా? బేరింగులలో బురదనీరు చేరి గ్రీజును కడిగివేస్తుంది. బ్రేకు పిస్టన్లు తుప్పుపట్టి, కాలు తీసినా పట్టు వదలవు. మారినది ఇంజను గనుక చూపు దాని మీదనే ఉంటుంది. పది కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గర చేయి పెట్టి చూస్తే చాలు. ముట్టకుండానే సెగ తెలిసే చక్రం ఏదో అదే దొంగ. జాకీ ఎత్తి చేతితో తిప్పితే సాక్ష్యం కూడా దొరుకుతుంది. ఇంజను దింపినప్పుడు విప్పిన టర్బో గొట్టం మళ్లీ బిగువుగా పడక గాలి కారుతున్నదేమో కూడా చూడాలి. గాలి చాలక నల్లని పొగ వస్తుంది. నీలిపొగ అయితే ఇంజను నూనె మండుతున్నదని గుర్తు.

వీటన్నిటి కంటె ముందు, మైలేజీ నిజంగా తగ్గిందా అని తేల్చుకోవాలి. కారు ముందున్న తెరపై కనిపించే అంకెను నమ్మరాదు. ఎంత డీజిలు చిమ్మవలసిందిగా తాను ఆజ్ఞాపించాడో కంప్యూటరు ఆ లెక్కే చెబుతుంది. ఇంజెక్టరు అంతకు మించి కార్చితే దానికి తెలియదు. ఒకే బంకులో, ఒకే పంపు వద్ద, తుపాకీ దానంతట అది ఆగేవరకు నింపి కిలోమీటర్లు రాసుకోవాలి. ఏలూరు నుంచి భీమడోలు మీదుగా తాడేపల్లిగూడేనికి సుమారు 50 కిలోమీటర్లు. నాలుగు మార్లు వెళ్లి వస్తే 400 అవుతాయి. అదే పంపు వద్ద మరల అదేవిధంగా నింపి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించాలి. ఆ రోజులలో చేపల చెరువు గట్టున ఏసీ వేసుకొని లోడు కోసం ఎదురుచూసి ఉంటే, ఆ గంటలను కూడా రాసుకోవాలి. నిలిచిన బండి కూడా తాగుతూనే ఉంటుంది.

ఇంత చేసినా లెక్క 15 దగ్గరే ఆగితే అప్పుడు డ్రైవరూ మెకానిక్కూ కలిసి బానెట్ ఎత్తవచ్చు. ఇంజెక్టర్ల నుంచి మిగులు డీజిలు వెనుకకు పోయే సన్నని గొట్టాలను విప్పి, ఒక్కొక్క దానిని ఒక్కొక్క చిన్న సీసాలో పెట్టి, ఇంజనును కొన్ని నిమిషాలు నడపాలి. నాలుగు సీసాలలో మట్టం ఇంచుమించు సమంగా ఉంటే ఇంజెక్టర్లను అనుమానించనక్కరలేదు, సిలిండర్ల ఒత్తిడి కొలిచి చూడాలి. ఒక సీసా మిగిలినవాటి కంటె చాలా ముందే నిండితే ఆ ఒక్క ఇంజెక్టరును విప్పాలి. మిగిలిన మూడింటినీ కదపనవసరం లేదు.