తీరము నేర్పు అతిథి ధర్మము

కరీబియన్ దీవులనగానే కడలి ఒడ్డున బారులు తీరిన విలాసవంతమైన హోటళ్ళు మనకు స్ఫురించును. వాటికి దూరముగా, ట్రినిడాడ్ దీవి ఉత్తర తీరమున గ్రాండ్ రివియేర్ అను చిన్న గ్రామము కలదు. వెనుక అడవులు నిండిన కొండలు, ముందు సముద్రము, నడుమ సుమారు ఒక కిలోమీటరు పొడవుగల ఇసుకతీరము. ప్రపంచమున మరెక్కడను కానరాని ‘పావీ’ అను అడవిపక్షి ఈ కొండలలో నివసించుచున్నది. ఒకప్పుడు కోకో తోటలే ఆధారముగా బ్రతికిన ఈ ఊరికి నేడు పేరు తెచ్చినవి తాబేళ్ళు.

సముద్రపు తాబేళ్ళలో మిక్కిలి పెద్దదైన లెదర్‌బ్యాక్ మార్చి నుండి ఆగస్టు వరకు ఇచ్చటికి వచ్చి గుడ్లు పెట్టును. దీని వీపుపై గట్టి చిప్ప లేదు. తోలువంటి చర్మమే కవచము. కొన్ని వందల కిలోల బరువుగల తల్లి రాత్రివేళ ఇసుకపై ప్రాకుచు వచ్చి, వెనుక కాళ్ళతో గుంట త్రవ్వి, సుమారు 80 గుడ్లు పెట్టి, పూడ్చి, సముద్రములోనికి మరలిపోవును. రమారమి 60 దినములకు పిల్లలు వెలువడును. ఇసుక వేడి హెచ్చినచో ఆడపిల్లలు, తగ్గినచో మగపిల్లలు ఎక్కువగా పుట్టుట విశేషము.

గుడ్లుపెట్టు కాలమున ఈ దృశ్యమును చూడగోరువారు అనుమతి పత్రము పొంది, స్థానిక మార్గదర్శకుని వెంట నడువవలెను. ఎర్రని దీపము మాత్రమే వాడవలెను. తెల్లని వెలుగు తల్లిని బెదరించును. సముద్రముపైని వెలుతురును గురుతుగా పెట్టుకొని సాగు పిల్లలను దారి తప్పించును.

ఈ కట్టుబాట్లు ఒక్కనాట ఏర్పడినవి కావు. పూర్వము మాంసమునకై తాబేళ్ళను చంపెడివారు. తూర్పు తీరమందలి మతూరా గ్రామస్థులు 1990లో సంఘముగా ఏర్పడి కాపలాకు పూనుకొనిరి. గ్రాండ్ రివియేర్ వాసులును అదే బాట పట్టిరి. 2011లో ఆ దేశమున తాబేళ్ళ వేట నిషేధింపబడినది.

అయినను ప్రమాదము తొలగిపోలేదు. 2012లో నది దారి మారి తీరమును కోయుచుండగా, దానిని యంత్రములతో మళ్ళించు పనిలో వేలకొలది గుడ్లు, పిల్లలు నశించినవి. తీరమును కాపాడవలెనన్న తలంపు మంచిదే. కాని కాలము, స్థలము ఎరుగని మేలు కీడుగా పరిణమించునని మనము దీనివలన గ్రహింపవలెను.

మన ఆంధ్రతీరమునకును చలికాలము చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టుటకై వచ్చును. వాటిని చూడబోవు విద్యార్థులమైన మనము ఒక్క మాట మరువరాదు: ఆ రాత్రి తీరము తాబేలు ఇల్లు, మనము అతిథులము. దీపము తగ్గించి, గొంతు తగ్గించి, అడుగు చూచి వేయుటయే అతిథి ధర్మము.