కణములోని స్వీయభక్షణము - నాడీక్షయ వ్యాధుల చికిత్స

పట్టుపురుగులను పెంచు కుప్పం, గుడుపల్లె ప్రాంతపు రైతులకు ఒక సత్యము చక్కగా తెలియును. తట్టలలో మిగిలిన ఆకును, మలమును ఎప్పటికప్పుడు తీసివేయనిచో పురుగులకు రోగము తప్పదు. జీవకణమునకును ఇదే నియమము. చెడిపోయిన మాంసకృత్తులను, శిథిల భాగములను కణము రెండు పొరల సంచిలో చుట్టి, జీర్ణరసములు గల లైసోజోమునకు చేర్చును. అచ్చట అవి కరగి, మరల నిర్మాణమునకు పనికివచ్చు ముడిపదార్థములగును. ఇదియే స్వీయభక్షణము, అనగా ఆటోఫజీ. పట్టుపురుగు ప్యూపాగా మారునపుడు, పని తీరిన పట్టుగ్రంథులు కరగిపోవుటలోను దీనికి పాత్ర కలదు.

లైసోజోమును కనుగొన్న క్రిస్టియన్ డి డ్యూవ్ 1963లో ఈ క్రియకు పేరు పెట్టెను. జపాను శాస్త్రవేత్త యోషినోరి ఒహ్సుమి 1990 దశకమున ఈస్టు కణములలో దీని జన్యువులను గుర్తించి, 2016లో నోబెల్ బహుమతి పొందెను.

చర్మకణములు రాలిపోయినచో క్రొత్తవి పుట్టును. నాడీకణములలో అత్యధిక భాగమునకు ఆ అవకాశము లేదు. అవి మనిషితోపాటు జీవితాంతము నిలువవలసినవే. కావున వాటిలో చెత్త పేరుకొనుట ప్రమాదకరము. 2006లో జపాను దేశపు రెండు బృందములు ఎలుకల నాడీకణములలో స్వీయభక్షణమునకు అవసరమైన జన్యువులను తొలగించి చూచిరి. ఆ కణములలో మాంసకృత్తుల ముద్దలు ఏర్పడి, ఎలుకల కదలికలు తడబడెను. పార్కిన్సన్, ఆల్జీమర్, హంటింగ్టన్ వ్యాధులయందును మాంసకృత్తుల ముద్దలు కనిపించును.

అట్లయిన ఈ క్రియను హెచ్చించిన చాలునా? 2004లో రాపమైసిన్ అను మందు హంటింగ్టన్ వ్యాధి గల ఈగలలోను, దానిని పోలిన మందు ఎలుకలలోను కొంత మేలు చేసెను. కాని రాపమైసిన్ రోగనిరోధక శక్తిని తగ్గించును.

హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన మరియొక హెచ్చరికను అందించినది. నీటికాసులు అను నేత్రవ్యాధిలో దృష్టినాడి క్రమముగా క్షీణించును. ఆప్టిన్యూరిన్ అను మాంసకృత్తిలోని ఒక మార్పు, కంటిపొర కణములలో స్వీయభక్షణమును మితిమీరునట్లు చేసి వాటిని చంపుచున్నదని ఘనశ్యామ్ స్వరూప్ బృందము 2013లో తెలిపినది. కణమునకు ఇనుమును అందించు గ్రాహకమే అందులో నశించెను. ఈ ఆప్టిన్యూరిన్ లోపములే కొందరిలో కండరములను చచ్చుబరచు నాడీవ్యాధికి కారణమని 2010లో తేలినది.

కనుక లోపించినను ముప్పే, మితిమీరినను ముప్పే. ఏ కణములో, ఏ దశలో, ఎంత అన్నదే చికిత్సకు అసలు సమస్య. ఈ మార్గమున నాడీక్షయమును నయము చేయు ఔషధమేదియు నేటికిని ఆమోదము పొందలేదు. ఉపవాసము జంతువులలో స్వీయభక్షణమును ప్రేరేపించునన్న మాట నిజమే; దానిని నమ్మి రోగులు వైద్యుని సలహా లేక మందులు మానుట మాత్రము తగదు. ఈ సమస్యకు సమాధానము వెదకు పనిలో మన విద్యార్థులును పాలుపంచుకొందురు గాక!