పాఠం 9: ఎడిటర్ మార్పులను భద్రంగా ఎలా దాస్తుంది?

9.1 పరిచయం

గత పాఠంలో ఎడిటర్‌లో అక్షరాలు చేర్చడం, తొలగించడం, వెదికి మార్చడం నేర్చుకున్నారు. మార్పులన్నీ అయ్యాక 'సేవ్' చేస్తాం. పని క్షణంలో ముగుస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోతే?

పుదుచ్చేరి వంటి తీర పట్టణంలో ఇది ఊహకు సంబంధించిన ప్రశ్న కాదు. 2011 డిసెంబరు 30న 'థానే' తుపాను కడలూరు, పుదుచ్చేరిల మధ్య తీరం దాటింది. 2024 నవంబరు 30 రాత్రి 'ఫెంగల్' తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. రెండుసార్లూ పట్టణంలో విద్యుత్తుకు అంతరాయం కలిగింది. అటువంటి సమయంలో కూడా మీ ఫైలు దక్కాలంటే ఎడిటర్ ఒక పద్ధతి పాటించాలి. ఆ పద్ధతి ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సేవ్ చేసేటప్పుడు ప్రమాదం ఎక్కడ ఉందో గుర్తించగలుగుతారు;
• భద్రంగా సేవ్ చేసే పద్ధతిలోని మూడు అంచెలను వివరించగలుగుతారు;
• ఆ పద్ధతి దేని నుంచి కాపాడుతుందో, దేని నుంచి కాపాడదో చెప్పగలుగుతారు.

9.2 రెండు ప్రతులు

ఫైలు తెరవగానే ఎడిటర్ దాన్ని డిస్కు నుంచి చదివి కంప్యూటరు మెమరీలో ఒక ప్రతి పెట్టుకుంటుంది. మీరు దిద్దేది ఆ ప్రతినే. డిస్కు మీది ఫైలు అప్పటికి మారదు. కరెంటు పోతే మెమరీలోనిది పోతుంది, డిస్కు మీదిది ఉంటుంది. సేవ్ చేయడమంటే మెమరీలోని ప్రతిని డిస్కుకు చేర్చడం.

9.3 ఒక్క పేరు మార్చితే ఫైలంతా ఎందుకు రాయాలి?

2006 అక్టోబరు 1న పాండిచ్చేరి పేరు అధికారికంగా పుదుచ్చేరి అయింది. ఈ కేంద్రపాలిత ప్రాంతంలోనే ఉన్న యానాంలో ప్రజల భాష తెలుగు. యానాం వారికోసం ఒక ఆపరేటరు తెలుగులో చిరునామాల జాబితా తయారుచేశాడనుకుందాం. అందులో పాత పేరును కొత్త పేరుగా మార్చాలి.

యూనికోడ్‌ను యు.టి.ఎఫ్-8 పద్ధతిలో రాసినప్పుడు తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, సున్న, పొల్లు – ప్రతిదానికీ 3 బైట్లు పడతాయి. 'పాండిచ్చేరి'లో ఇటువంటివి 11. అంటే 33 బైట్లు. 'పుదుచ్చేరి'లో 10, అంటే 30 బైట్లు. పేరు మార్చిన ప్రతిచోటా 3 బైట్లు తగ్గుతాయి. దాని తరువాత ఉన్నదంతా ముందుకు జరగాలి. అందుకే ఎడిటర్లు సాధారణంగా మారిన ముక్కను మాత్రమే కాక ఫైలు మొత్తాన్ని తిరిగి రాస్తాయి.

9.4 పాతదాని మీదే రాస్తే

పాత ఫైలును ఖాళీ చేసి, అందులోనే మొదటినుంచి రాయడం సులభమైన దారి. కాని ఖాళీ చేసిన తరువాత, రాత పూర్తికాక ముందు కరెంటు పోయిందనుకోండి. పాత జాబితా అప్పటికే చెరిగిపోయింది. కొత్తది సగమే చేరింది. మిగతా సగం ఉన్న మెమరీ కూడా ఖాళీ అయింది. 'పుదుచ్చేరి' 30 బైట్లలో 20 మాత్రమే చేరితే 'పుదుచ్' వరకు ఉండి, ఆపై ఏ అక్షరానికీ చెందని 2 బైట్లు మిగులుతాయి. ఎన్నో రోజుల శ్రమ ఇలా ఒక్క క్షణంలో పోవచ్చు.

9.5 భద్రమైన పద్ధతి

పుదుచ్చేరిలో 1955లో ఏర్పడిన ఫ్రెంచి పరిశోధన సంస్థలో తాళపత్ర గ్రంథాలు వేలకొద్దీ ఉన్నాయి. అక్కడి శైవ గ్రంథాల సేకరణ 2005లో యునెస్కో 'ప్రపంచ స్మృతి' జాబితాలో చేరింది. కొన్ని గ్రంథాలకు కాగితం మీద ప్రతులు కూడా రాయించారు. ప్రతి రాసేవారు పాత ఆకును ఎదుట పెట్టుకొని వేరే దానిమీద రాస్తారు. ఆకు మీది అక్షరాలు చెరిపి, దానిమీదే రాయరు. ఎడిటర్ పాటించవలసిన నియమం కూడా ఇదే: కొత్తది పూర్తయ్యేదాకా పాతదాన్ని ముట్టుకోరాదు.

అంచె 1: అదే ఫోల్డరులో వేరే పేరుతో తాత్కాలిక ఫైలు తెరిచి, మొత్తం అందులో రాయాలి.
అంచె 2: రాసినదంతా నిజంగా డిస్కుకు చేరిందని నిర్ధారించుకోవాలి.
అంచె 3: తాత్కాలిక ఫైలుకు అసలు పేరు పెట్టాలి. దానితో ఆ పేరు పాత ఫైలును వదిలి కొత్తదానికి చెందుతుంది.

మొదటి రెండు అంచెల్లో కరెంటు పోతే పాత ఫైలు చెక్కుచెదరదు. సగం రాసిన తాత్కాలిక ఫైలు మాత్రం మిగలవచ్చు. మూడవ అంచెలో పేరు మార్పు ఒకే అడుగులో జరుగుతుంది. కాబట్టి ఆ పేరుతో తెరిస్తే పూర్తి పాతదో, పూర్తి కొత్తదో దొరుకుతుంది. సగం పాతది, సగం కొత్తది అయిన ఫైలు ఉండదు.

తాత్కాలిక ఫైలు అదే ఫోల్డరులో ఎందుకు ఉండాలి? వేరే డిస్కులో ఉంటే పేరు మార్చడంతో సరిపోదు; మళ్లీ నకలు రాయవలసి వస్తుంది. అప్పుడు మొదటి ప్రమాదమే తిరిగి వస్తుంది.

9.6 రెండవ అంచెను వదలరాదు

ఎడిటర్ 'రాయి' అనగానే అక్షరాలు డిస్కుకు చేరవు. ఆపరేటింగ్ సిస్టమ్ వాటిని కొంతసేపు మెమరీలోనే ఉంచి, వీలు చూసుకొని రాస్తుంది. 'ఇప్పుడే డిస్కుకు చేర్చు' అని ప్రోగ్రాము ప్రత్యేకంగా కోరాలి. 2009లో లినక్స్‌లోని ఇ.ఎక్స్.టి.4 అనే కొత్త ఫైలు వ్యవస్థను వాడిన కొందరికి, కంప్యూటరు హఠాత్తుగా ఆగిన తరువాత కొన్ని ఫైళ్లు సున్నా బైట్లతో కనిపించాయి. అక్షరాలు డిస్కుకు చేరకముందే పేరు మార్పు చేరడం దీనికి ఒక కారణం. తరువాత లినక్స్‌లో ఇందుకు జాగ్రత్తలు చేర్చారు.

9.7 ఈ పద్ధతికి ఉన్న పరిమితులు

• కొంతసేపు రెండు ఫైళ్లూ ఉంటాయి కనుక డిస్కులో రెండింటికీ చోటు కావాలి.
• ఒకే ఫైలుకు రెండు పేర్లుంటే కొత్త ఫైలు ఒక పేరుకే చెందుతుంది. రెండవ పేరు పాతదాన్నే చూపుతుంది. 'విమ్' ఎడిటర్ ఇటువంటి సందర్భాన్ని గమనించి, ముందు పాతదానికి నకలు తీసి, తరువాతే దానిమీద రాస్తుంది.
• సేవ్ చేయని మార్పులను ఈ పద్ధతి కాపాడదు. అందుకు 'విమ్' వేరుగా ఒక ఫైలు నడుపుతుంది. మామూలు అమరికలో 200 అక్షరాలు కొట్టాక, లేదా 4 సెకన్లు ఆగితే, అందులో మార్పులు రాస్తుంది.
• తప్పు సమాచారాన్ని సేవ్ చేసినా, డిస్కే పాడైనా ఈ పద్ధతి ఆదుకోదు. అందుకు వేరే పరికరంలో మరో ప్రతి ఉండాలి.

పాఠగత ప్రశ్నలు
1. సేవ్ చేయకముందు కరెంటు పోతే ఏ ప్రతి పోతుంది?
2. 'యానాం' అనే మాటకు యు.టి.ఎఫ్-8లో ఎన్ని బైట్లు?
3. రెండవ అంచె మధ్యలో కంప్యూటరు ఆగితే అసలు పేరుతో ఏ ఫైలు దొరుకుతుంది?

9.8 సారాంశం

ఎడిటర్ సాధారణంగా ఫైలు మొత్తాన్ని తిరిగి రాస్తుంది. పాతదాని మీదే రాస్తే రెండూ పోయే ప్రమాదం ఉంది. వేరుగా రాయడం, డిస్కుకు చేరిందని నిర్ధారించుకోవడం, ఆ తరువాతే పేరు మార్చడం – ఈ వరుస తప్పకూడదు.

9.9 అభ్యాసం

1. మొదటి, మూడవ అంచెల వరుస తారుమారైతే ఏమవుతుందో అయిదు వాక్యాలలో రాయండి.
2. ఎడిటర్‌లో ఒక ఫైలు తెరిచి, సేవ్ చేయకుండా కొన్ని పంక్తులు కొట్టండి. దాగి ఉన్న ఫైళ్లతో సహా ఆ ఫోల్డరును పరిశీలించండి. కొత్తగా ఏమైనా కనిపిస్తే దాని పేరు రాసుకోండి. దాన్ని తొలగించకండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు
1. మెమరీలోని ప్రతి. 2. 15 బైట్లు (5 × 3). 3. పాత ఫైలు, పూర్తిగా.