ఎవరి పాపం?

వరద వచ్చింది. ఇల్లు కూలింది. గొడ్డూ గోదా కొట్టుకుపోయాయి. ఇంట్లో మనిషి కూడా పోయాడు. అప్పుడు ఎవరికైనా ఒకటే ప్రశ్న వస్తుంది. "దేవుడా, మాకే ఎందుకిలా జరిగింది?"

తర్వాత నలుగురూ చేరతారు. తలా ఒక మాట అంటారు.

"ఊళ్లో పాపం పెరిగింది. అందుకే ఇలా అయింది."

"అమ్మవారికి జాతర చెయ్యలేదు. ఆమెకు కోపం వచ్చింది."

"ఆ కోడలు కాలు పెట్టిన వేళ మంచిది కాదు. మొగుణ్ణి మింగేసింది."

భర్త పోయిన దుఃఖం ఒకటి. దానిమీద ఈ నింద ఒకటి. ఆ తల్లి రెండూ మొయ్యాలి. మరి ఈ మాటలు నిజమేనా? ఆలోచిద్దాం.

దివిసీమ చెప్పిన పాఠం

మన తిరువూరు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. 2022 దాకా కృష్ణా జిల్లాలో ఉండేది. ఆ జిల్లాకు ఒక కొసన, మెట్ట మీద మన తిరువూరు. ఇంకో కొసన, కృష్ణానది సముద్రంలో కలిసే చోట దివిసీమ.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. ఆ రోజు శనివారం. మనిషి నిలువుకు మూడింతల ఎత్తున సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. సుమారు 10 వేల మంది చనిపోయారు. అంతకంటే ఎక్కువేనని చాలామంది చెబుతారు. పశువులు లక్షల్లో చచ్చిపోయాయి. చేతికి రావలసిన వరి నీళ్లపాలైంది.

చనిపోయింది ఎవరు? చేపలు పట్టుకు బతికేవాళ్లు. కూలి చేసుకునేవాళ్లు. పూరిగుడిసెల్లో ఉన్నవాళ్లు. ముసలివాళ్లు, చంకలో పిల్లలు. చంకలో పిల్ల ఏం పాపం చేస్తుంది?

'నీరు పల్లమెరుగు' అన్నారు పెద్దలు. నీటికి పల్లం తెలుసు. పాపం, పుణ్యం తెలియవు.

ఇంకో సంగతి చూడండి. 1990 మే 9న మళ్లీ పెద్ద తుఫాను వచ్చింది. అదీ కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలోనే తీరం దాటింది. అదీ భయంకరమైనదే. అయితే ఈసారి చనిపోయినవారు సుమారు వెయ్యిమంది. 1977తో పోలిస్తే పదోవంతు.

పదమూడేళ్లలో మనుషుల పాపాలు పదోవంతుకు తగ్గాయా? తగ్గలేదు. మరేం మారింది? తుఫాను వస్తుందని ముందే హెచ్చరించారు. లక్షల మందిని పల్లపు ఊళ్ల నుంచి తరలించారు. తలదాచుకోవడానికి తుఫాను షెల్టర్లు ఉన్నాయి. అందువల్ల ప్రాణాలు దక్కాయి.

ఇద్దరు పెద్దల మాట

ఈ ప్రశ్న మనకే రాలేదు. చాలా పెద్దవాళ్లకూ వచ్చింది.

1934 జనవరి 15న బీహారులో పెద్ద భూకంపం వచ్చింది. వేలమంది చనిపోయారు. అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇది అన్నాడు గాంధీజీ. కవి రవీంద్రనాథ్ ఠాగూరు ఒప్పుకోలేదు. ఆయన కూడా అంటరానితనాన్ని ఎదిరించినవాడే. అయినా భూకంపానికీ మనుషుల పాపానికీ ముడిపెట్టకూడదన్నాడు. ఇదే వాదన తిప్పి, గాంధీ వల్లనే భూకంపం వచ్చిందని ఆయన్ని గిట్టనివాళ్లు అనవచ్చు కదా అన్నాడు.

గాంధీజీ తన మాట మార్చుకోలేదు. అయితే ఠాగూరు మాటను దాచలేదు. తన సొంత పత్రిక 'హరిజన్'లోనే అచ్చు వేశాడు. ఆ తర్వాత బీహారు వెళ్లి బాధితుల మధ్య తిరిగాడు. మాటలో తేడా ఉన్నా, బాధితుల దగ్గరికి వెళ్లాలనే దానిలో తేడా లేదు.

మరి దేవుడెక్కడ?

ఇలా అడిగేవాళ్లు ఉంటారు. అడగడం తప్పు కాదు. ఏడుపు వస్తే ఏడవాలి. మొక్కుకుంటే మనసు కుదుటపడుతుందంటే మొక్కుకోవాలి.

దివిసీమకు సాయం చెయ్యడానికి ఎవరెవరు వచ్చారో చూడండి. రామకృష్ణ మిషన్ స్వాములు వచ్చారు. చర్చి సంస్థలు వచ్చాయి. దేవుడు లేడనే విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లూ వచ్చారు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టేటప్పుడు వాళ్ల మధ్య తేడా ఏముంది?

బతికి బయటపడ్డవాళ్లను ఒక బాధ పీడిస్తుంది. "అందరూ పోయారు. నేనెందుకు మిగిలాను?" దీనికి జవాబు ఎవరూ చెప్పలేరు. మిగిలిన బతుకుతో ఏం చెయ్యాలి అన్నదానికి మాత్రం మనమే జవాబు చెప్పుకోవచ్చు. దాన్నే ఆత్మపరిశీలన అంటారు.

వేలు ఎటు చూపాలి?

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో మన జిల్లాలో కుండపోత వానలు పడ్డాయి. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోతుంది. ఆ వాగు గట్లకు గండ్లు పడ్డాయి. విజయవాడలో పల్లపు పేటలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వాన పడటం మన చేతిలో లేదు. వాగు దారికి అడ్డంగా ఇళ్లు కట్టడం, కాలవలో చెత్త పొయ్యడం మనుషుల పనులే. ఇవి దిద్దుకోగల తప్పులు.

పక్కవాడి పాపం లెక్కపెడితే ఏమీ దిద్దుకోలేం. మన తప్పు మనం చూసుకుంటే రేపు ఒక ప్రాణం నిలుస్తుంది.

కాబట్టి ఈసారి ఆపద వచ్చినప్పుడు "ఎవరి పాపం?" అని అడగవద్దు. ఈ మూడు ప్రశ్నలు అడుగుదాం.

1. నేను చెయ్యగలిగి చెయ్యని పని ఏమిటి?
2. మా పేటలో ఒంటరిగా మిగిలింది ఎవరు?
3. ఇంకోసారి ఇలా కాకుండా నేనేం చెయ్యాలి?

ముందుగా ఆ కోడలి ఇంటికి వెళదాం. "నీ తప్పేం లేదమ్మా" అని చెబుదాం.

కొత్త మాటలు

ఉప్పెన: తుఫానులో సముద్రం పొంగి ఊళ్ల మీదికి రావడం
గండి: నీటి ఒత్తిడికి గట్టు తెగిన చోటు
ఆత్మపరిశీలన: తనను తాను ప్రశ్నించుకోవడం

నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి

1. 1990లో ప్రాణనష్టం ఎందుకు తగ్గింది?
2. మీ ఊళ్లో వాగు పొంగితే మొదట మునిగే ఇళ్లు ఏవి? అక్కడ నడవలేనివాళ్లు ఎవరున్నారు?
3. ఆపదలో ఆడవాళ్లను నిందించడం మీరు విన్నారా? అప్పుడు మీరేం అన్నారు? ఇప్పుడైతే ఏమంటారు? రెండు వాక్యాలు రాయండి.